అసంపూర్ణ ప్రక్షేపాల నుంచి సి.టి. చిత్రాల పునర్నిర్మాణం

ఎక్స్-కిరణాలు ఒక వస్తువు గుండా దూసుకుపోయి అవతలి డిటెక్టరు మీద వదిలే నీడను ప్రక్షేపం అంటారు. వస్తువు చుట్టూ తిరుగుతూ ఇలాంటి నీడలను వందల కోణాల నుంచి తీసి, వాటి నుంచి లోపలి అడ్డుకోతను లెక్కగట్టి చూపేది సి.టి. స్కాన్. కావలసినన్ని నీడలు, కావలసినంత స్పష్టంగా దొరికితే ఈ లెక్క ఎప్పుడో తేలిపోయింది. నీడలు చాలనప్పుడు ఏం చేయాలి, వచ్చిన చిత్రాన్ని ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్న మాత్రం ఇంకా సజీవంగా ఉంది. ఈ ప్రశ్నకు ఆధారమైన గణితంలో రెండు మూలస్తంభాలను అందించినవాడు పాత బళ్ళారి జిల్లాలో పుట్టిన తెలుగువాడు, సి.ఆర్. రావు.

కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920 సెప్టెంబర్ 10న హడగలిలో జన్మించారు. తండ్రి దొరస్వామి నాయుడు పోలీసు శాఖలో పనిచేసేవారు. ఎనిమిదో సంతానం కావడంతో కృష్ణుడి పేరు పెట్టారు. హడగలి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. హడగలి, హోస్పేట, సండూరు వంటివి మైసూరుకు వెళ్ళాయి.  2021లో బళ్ళారి నుంచి విజయనగర జిల్లాను విడదీయడంతో హడగలి ఇప్పుడు ఆ కొత్త జిల్లాలో ఉంది. తండ్రి బదిలీల వెంట రావు చదువు గూడూరు, నూజివీడు, నందిగామల మీదుగా విశాఖపట్నం చేరింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ముగించి 1941లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. ఆయన అక్కడ చేసిన పని సి.టి. కోసం పుట్టినది కాదు, అప్పటికి సి.టి. యంత్రమే లేదు. అయినా తక్కువ సమాచారంతో ఎక్కువ తెలుసుకోవాలనుకునే ప్రతి శాస్త్రమూ ఆయన గుమ్మం తొక్కక తప్పలేదు.

నీడలు ఎందుకు చాలవు

మొదటి కారణం రేడియేషన్. తల సి.టి.కి సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు, పొట్ట సి.టి.కి 8 వరకు మోతాదు పడుతుంది. ప్రకృతి నుంచి ఏడాది పొడవునా మనిషికి అందేది ప్రపంచ సగటున 2.4. చిన్నపిల్లలకూ, పదేపదే స్కాన్ అవసరమయ్యే క్యాన్సర్ రోగులకూ మోతాదు తగ్గించాలన్నది వైద్యుల నిరంతర ప్రయత్నం. 1961లో మొదలైన బళ్ళారి వైద్య కళాశాల ఆసుపత్రికి ఆ జిల్లావారే కాక సరిహద్దు దాటి రాయదుర్గం, ఆలూరు, గుంతకల్లు వైపు నుంచి కూడా రోగులు వస్తారు. ఇలాంటి పెద్దాసుపత్రులన్నిటిలోనూ ఒక్కో యంత్రం మీద ఒత్తిడి ఎక్కువ. నీడలు తగ్గితే మోతాదు తగ్గుతుంది, సమయమూ కలిసొస్తుంది.

రెండోది కదలిక. గుండె ఒక్క క్షణం ఆగదు. దాని ఒకే దశలో తీసిన నీడలను మాత్రమే ఏరుకుంటే చేతికి మిగిలేవి కొన్నే. మూడోది చోటు. ఆపరేషన్ బల్ల చుట్టూ వంపు చేయి తిప్పే ఎక్స్-రే యంత్రం పూర్తి చుట్టు తిరగలేదు. కర్మాగారంలో గోడకు ఆనుకుని సాగే పైపు అతుకును అన్ని వైపుల నుంచీ చూడలేం. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాలలు క్షిపణి విడిభాగాల పరీక్షకు పారిశ్రామిక సి.టి.ని వాడుతున్నాయి. అక్కడా పొడవాటి, మందపాటి వస్తువుల విషయంలో కొన్ని దిశల్లో కిరణం బయటకు రావడమే కష్టం. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోనైతే నమూనాను 60, 70 డిగ్రీలకు మించి వంచితే దాన్ని పట్టి ఉంచే చట్రం అడ్డొస్తుంది, నమూనా మందం పెరిగి ఎలక్ట్రాన్లు దాటలేవు.

ఈ లోట్లన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ గణితంలో వేర్వేరు జాతులు. చుట్టూ తిరిగినా నీడలు దూరదూరంగా ఉండటం ఒకటి. ఒక వైపు కోణాలు మొత్తంగా లేకపోవడం మరొకటి. కిరణాల పుంజం సన్నగా ఉండి అవయవం మధ్యభాగాన్ని మాత్రమే తాకడం ఇంకొకటి. అన్ని నీడలూ ఉండి అవి మసకగా, రొదతో, అంటే కొలతల్లోని యాదృచ్ఛిక ఊగిసలాటతో, నిండి ఉండటం నాలుగోది.

నాలుగు గడుల లెక్క

చిత్రం మొత్తం నాలుగు గడులే అనుకుందాం. పై వరుసలో 3, 1. కింది వరుసలో 2, 4. అడ్డంగా పంపిన కిరణాలు వరుసల మొత్తాలు చెబుతాయి: 4, 6. నిలువుగా పంపినవి 5, 5 అంటాయి. ఇప్పుడు చిత్రాన్ని దాచిపెట్టి ఈ నాలుగు మొత్తాలను మాత్రమే ఇచ్చి గడులను కనుక్కోమంటే?

పై వరుస 2, 2, కింది వరుస 3, 3 అన్నా మొత్తాలన్నీ సరిపోతాయి. పైన 0, 4, కింద 5, 1 అన్నా సరిపోతాయి. ఎడమ పై గడిలో ఏ సంఖ్య పెట్టినా మిగతా మూడింటినీ సర్దవచ్చు. నాలుగు సమీకరణాలున్నట్టు కనిపిస్తుంది గానీ వాటిలో ఒకటి మిగతా మూడింటిలోనే ఇమిడి ఉంది. ఒక గడిలో ఒకటి కలిపి, పక్కగడిలోనూ కిందిగడిలోనూ ఒకటి తీసేసి, మూలగా ఉన్న గడిలో ఒకటి కలిపితే ఏ నీడా మారదు. ఇలా ఏ నీడలోనూ పడకుండా చిత్రంలో దాగే అమరికను ఈ రంగంలో దయ్యం అంటారు. స్మిత్, సోల్మన్, వాగ్నర్ 1977లో నిరూపించిన ఫలితం ప్రకారం నీడల సంఖ్య పరిమితమైనంతవరకు, అది పది కానీ వెయ్యి కానీ, దయ్యాలు ఉండనే ఉంటాయి. నీడలు పెరిగేకొద్దీ అవి సన్నని వివరాల్లోకి నెట్టబడతాయి, అంతే.

తెల్ల కాగితంతో మొదలుపెట్టి పై వరుస మొత్తం 4ను రెండు గడులకూ సమంగా పంచుదాం: 2, 2. కింది వరుస 6ను పంచితే 3, 3. నిలువు మొత్తాలు చూస్తే 5, 5 సరిగ్గా ఉన్నాయి. లెక్క అక్కడే ఆగిపోతుంది. కొలతలన్నిటితో పూర్తిగా ఏకీభవించే చిత్రం వచ్చింది. కానీ అది అసలు చిత్రం కాదు. కొలతలతో సరిపోవడం ఒక సంగతి, నిజం కావడం ఇంకో సంగతి. నీడల నుంచి లోపలి అడ్డుకోతను కట్టే విద్యను టోమోగ్రఫీ అంటారు. పరిమిత సమాచార టోమోగ్రఫీలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఈ రెండింటినీ ఒకటిగా తీసుకోవడమే.

ఇలా కిరణం వెంట కిరణంగా పంచుకుంటూ పోయే పద్ధతిని పోలండ్ గణితజ్ఞుడు కాచ్‌మార్జ్ 1937లో సమీకరణాల కోసం ఇచ్చాడు. గోర్డన్, బెండర్, హెర్మన్ 1970లో అమెరికాలోని బఫలోలో దాన్ని చిత్రాల పునర్నిర్మాణానికి మళ్ళీ కనిపెట్టారు. సున్నాతో మొదలైతే ఇది ఎప్పుడూ ఒకే రకం జవాబు దగ్గర ఆగుతుంది: సరిపోయే చిత్రాలన్నిటిలోకీ గడుల వర్గాల మొత్తం అతి తక్కువైనది. ఆ జవాబుకు మాత్రికల శాస్త్రంలో ఒక పేరుంది.

విలోమం లేని మాత్రికకు విలోమం

సమీకరణాలు తెలియని రాశులకన్నా తక్కువైతే, లేదా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటే, వాటి గుణకాల పట్టికకు, అంటే మాత్రికకు, మామూలు విలోమం ఉండదు. మూర్ 1920లో, పెన్రోజ్ 1955లో అలాంటి మాత్రికలకూ ఒక విలోమాన్ని నిర్వచించారు. పైన చెప్పిన కనిష్ఠ జవాబు దాని నుంచి వచ్చేదే. రావు అదే 1955లో, గడుల్లో సంఖ్యలు అసమానంగా ఉన్న గణాంక సమాచారాన్ని విశ్లేషిస్తూ, విలోమం లేని మాత్రికలతో పని జరుపుకునే దారి సొంతంగా వేసుకున్నారు. 1962 నాటి పత్రంలో ఆయన మరింత ముందుకు వెళ్ళి, సమీకరణాలను సాధించడానికి పెన్రోజ్ పెట్టిన షరతులన్నీ అక్కర్లేదనీ, అందులో ఒక్కటి చాలుననీ చూపారు. అలాంటి సాధారణీకృత విలోమాలు ఒకటి కాదు, అసంఖ్యాకం. సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి ఆయన రాసిన గ్రంథం 1971లో వెలువడింది.

ఈ సిద్ధాంతంలో టోమోగ్రఫీకి అన్నిటికన్నా విలువైనది జవాబు కనుక్కునే సూత్రం కాదు. ఏది కనుక్కోగలమో, ఏది కనుక్కోలేమో విడదీసే గీత. రావుకు కలకత్తాలో సహచరుడైన ఆర్.సి. బోస్ రోజుల నుంచీ గణాంకశాస్త్రంలో అంచనాకు అందే రాశులు, అందని రాశులు అనే విభజన ఉంది. మన నాలుగు గడులకే వద్దాం. ఎడమ పై గడి విలువ ఎంతో చెప్పలేం. కానీ కుడి కింది గడి దానికన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ అని చెప్పగలం. 3, 4 అయినా, 2, 3 అయినా, 0, 1 అయినా ఆ తేడా మారదు. విడిగా ఏ గడీ తెలియకపోయినా మూలగా ఉన్న ఆ రెంటి తేడా నిశ్చయంగా తెలుసు. సాధారణీకృత విలోమాల్లో ఏది వాడినా ఇలాంటి రాశులకు ఒకే విలువ వస్తుంది. అందని రాశులకు విలోమం మారినప్పుడల్లా విలువ మారుతుంది. పరిమిత నీడలతో తీసిన ఏ చిత్రంలోనైనా ఈ రెండు రకాల వివరాలూ పక్కపక్కనే, ఒకే నలుపు తెలుపుల్లో, తేడా తెలియకుండా కూర్చుంటాయి. చదివే రేడియాలజిస్టుకు ఏది ఏ రకమో చెప్పే బాధ్యత చిత్రాన్ని తయారుచేసిన పద్ధతిదే అని ఈ వ్యాసకర్త నమ్మకం.

బెంగళూరు పత్రం, వింబుల్డన్ యంత్రం

నీడలన్నీ ఉంటే లోపలి ఆకారం తేలుతుందని యోహాన్ రాడాన్ 1917లోనే నిరూపించాడు. దక్షిణాఫ్రికాలో పుట్టిన అలన్ కార్మాక్ 1963, 64లలో దాన్ని ఎక్స్-కిరణాలకు అన్వయించాడు. లండన్‌లోని ఈఎంఐ కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ యంత్రం కట్టాడు. 1971 అక్టోబర్ 1న వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగికి తల స్కాన్ తీశారు. ఒక్కో డిగ్రీ చొప్పున 180 కోణాలు, కోణానికి 160 కొలతలు, మొత్తం 28,800. వాటి నుంచి తీసిన చిత్రం 80 వరుసలు, 80 నిలువులు, అంటే 6,400 గడులు. తెలియని రాశులకు నాలుగు రెట్లకు పైగా కొలతలు పెట్టుకున్న హౌన్స్‌ఫీల్డ్ జాగ్రత్త గమనించదగ్గది. కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్ ఇద్దరికీ 1979లో నోబెల్ బహుమతి వచ్చింది.

అదే 1971లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ నుంచి జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ ఒక పత్రం ప్రకటించారు. కొల్లాజెన్ నిర్మాణంతోనూ, ప్రోటీన్ల వంపులను చూపే పటంతోనూ పేరుపొందిన రామచంద్రన్, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాల నుంచి మూడు కొలతల ఆకారం తీయడం ఎలా అని ఆలోచిస్తూ ఇందులోకి వచ్చారు. నీడలను వచ్చిన దారినే నేరుగా వెనక్కి పరిస్తే చిత్రం అలుక్కుపోతుంది. ముందుగా ప్రతి నీడనూ ఒక వడపోత గుండా పంపి, తర్వాత వెనక్కి పరిస్తే పదునుగా వస్తుంది. ఆ వడపోతను ఫోరియర్ రూపాంతరాలు లేకుండా సులువైన కూడికలు, గుణకారాలతోనే చేయవచ్చని వారు చూపారు. రేడియో ఖగోళశాస్త్రంలో బ్రేస్‌వెల్, రిడిల్ 1967లోనే ఇలాంటి పద్ధతి రాసి ఉన్నారు. వీరిది స్వతంత్రంగా వచ్చినది. రామ్-లాక్ వడపోత పేరుతో అది ఇప్పటికీ ప్రతి పాఠ్యగ్రంథంలో ఉంది. వడపోసి వెనక్కి పరిచే ఈ పద్ధతే దశాబ్దాల పాటు ప్రపంచమంతటా సి.టి. యంత్రాలను నడిపింది.

దాని బలమే దాని బలహీనత. అది నీడలన్నీ ఉన్నాయని అనుకుంటుంది. లేని నీడ చోట సున్నా ఉందని భావించి ముందుకు పోతుంది. అందుకే నీడలు చాలనప్పుడు చిత్రం నిండా చారలు పుడతాయి. ఎన్ని చాలు అన్నదానికి క్రౌథర్, డిరోసియర్, క్లుగ్ 1970లో ఒక కొలమానం ఇచ్చారు: వస్తువు వ్యాసాన్ని కావలసిన సన్నదనంతో భాగించి పై విలువతో గుణించాలి. 300 మిల్లీమీటర్ల వెడల్పున్న శరీరంలో ఒక మిల్లీమీటరు వివరం కావాలంటే సుమారు 940 నీడలు. నేటి యంత్రాలు ఒక చుట్టుకు తీసేవి ఇంచుమించు ఆ లెక్కలోనే ఉంటాయి.

కోణం తప్పిపోతే

దూరదూరంగా తీసిన నీడలతో వచ్చే చిక్కు కన్నా, ఒక వైపు కోణాలు పూర్తిగా లేకపోవడం వల్ల వచ్చే చిక్కు లోతైనది. ఇక్కడ ఒక వింత ఉంది. వస్తువు హద్దులు తెలిసి, చిన్న కోణపరిధిలోనే అయినా అందులోని అసంఖ్యాకమైన నీడలన్నీ, ఏ లోపమూ లేకుండా దొరికితే, జవాబు సిద్ధాంతరీత్యా ఒక్కటే. దయ్యాలు లేవు. కానీ ఆ జవాబును పట్టుకునే క్రమంలో కొలతలోని అతి చిన్న పొరపాటు కొండంతవుతుంది. 1983లో డేవిసన్ ఈ అస్థిరత ఎంత తీవ్రమో లెక్కగట్టాడు. అంటే గణితంలో ఉన్న జవాబు యంత్రం చేతికి అందదు.

ఏది అందుతుందో టాడ్ క్వింటో 1993లో తేల్చాడు. వస్తువులోని ఒక అంచును ఒరుసుకుంటూ పోయే కిరణం కొలతల్లో ఉంటే ఆ అంచు స్థిరంగా కనిపిస్తుంది, లేకపోతే కరిగిపోతుంది. గుండ్రటి కణితిని ఇరుకైన కోణాల నుంచి చూస్తే కొన్ని వైపుల అంచులు చక్కగా వస్తాయి, మిగతా వైపులవి సాగిపోయి పక్క కణజాలంలో కలుస్తాయి. అలాంటి చిత్రంలో కణితి పొడవును కొలవడం ప్రమాదకరం.

రొమ్ము టోమోసింథసిస్ ఈ పరిమితిని తెలిసి ఒప్పుకున్న విజయం. అమెరికా 2011లో అనుమతించిన మొదటి యంత్రం కేవలం 15 డిగ్రీల వంపులో 15 నీడలు తీస్తుంది. లోతు దిశలో స్పష్టత తక్కువని అందరికీ తెలుసు. అయినా ఒకదాని మీద ఒకటి పడి గడ్డల్లా కనిపించే కణజాలాన్ని పొరలుగా విడదీయడానికి అది చాలు. అడిగే ప్రశ్న చిన్నదైనప్పుడు కొద్ది సమాచారమూ నిజాయితీగా జవాబిస్తుంది.

మధ్యభాగాన్ని మాత్రమే స్కాన్ చేసే సమస్యకూ సాధారణంగా ఏకైక జవాబు లేదు. అయితే ఆ భాగంలో చిన్న ముక్క విలువ, ఉదాహరణకు శ్వాసనాళంలోని గాలి విలువ, ముందే తెలిస్తే జవాబు ఒక్కటే అవుతుందని 2007, 2008లలో రెండు పరిశోధక బృందాలు చూపాయి.

ముందే తెలిసినది కలపడం

లోటును పూడ్చేది ఎప్పుడూ కొలతల బయటి నుంచి వచ్చిన నమ్మకమే. కణజాలం కిరణాలను పీల్చుకుంటుందే గానీ పుట్టించదు, కాబట్టి ఏ గడీ రుణ సంఖ్య కాదు. ఈ ఒక్క మాటతోనే మన నాలుగు గడుల లెక్కలో ఎడమ పై గడి 0 నుంచి 4 లోపుకు వచ్చేస్తుంది. ఏదో ఒక గడి ఖాళీ అని తెలిస్తే రెండే జవాబులు మిగులుతాయి. ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు ఒక్క కిరణం అదనంగా పంపి 7 అని తెలుసుకుంటే అసలు చిత్రం తేలిపోతుంది. నమ్మకం ఎంత చేసిందో, ఒక్క అదనపు కొలత ఎంత చేసిందో పోల్చి చూడండి.

చిత్రంలో హఠాత్తు మార్పులు కొన్నిచోట్లే ఉంటాయన్న నమ్మకాన్ని రుడిన్, ఓషర్, ఫతేమీ 1992లో గణితరూపంలో పెట్టారు. కాందెస్, రోంబెర్గ్, టావో 2006లో దాన్ని వాడి, షెప్-లోగన్ నమూనా తలను 22 దిశల సమాచారంతోనే పొల్లుపోకుండా తిరిగి రాబట్టారు. డొనోహో అదే ఏడాది ప్రకటించిన పనితో కలిసి ఇది కంప్రెస్డ్ సెన్సింగ్ అనే శాఖకు నాంది పలికింది. సిడ్కీ, పాన్ దాన్ని సి.టి.కి తెచ్చారు. గువాంగ్-హాంగ్ చెన్ బృందం 2008లో, అదే రోగి పాత చిత్రాన్ని ఆధారం చేసుకుని కొత్త చిత్రాన్ని కొద్ది నీడలతో తీసే పద్ధతి ఇచ్చింది.

ఉత్సాహం న్యాయమైనదే, కానీ షెప్-లోగన్ తల కొన్ని అండాకారాల కూర్పు. ప్రతి అండంలో ఒకే విలువ. ఊపిరితిత్తులలోని సన్నని అల్లిక, ఎముక లోపలి జాలీ అలా ఉండవు. వాటి మీద ఈ నమ్మకాన్ని గట్టిగా రుద్దితే చిత్రం మైనం పూసినట్టు నునుపెక్కి, తొలిదశ వ్యాధిని చూపే చిన్న గరుకుదనం మాయమవుతుంది.

2017 తర్వాత నాడీజాల పద్ధతులు ముందుకొచ్చాయి. ఎన్నో చిత్రాల నుంచి శరీరం ఎలా ఉంటుందో నేర్చుకున్న జాలం, చారలతో వచ్చిన చిత్రాన్ని శుభ్రం చేస్తుంది. ఆడ్లర్, ఒక్టెమ్ 2018లో కిరణాల భౌతికశాస్త్రాన్నే జాలం లోపల పొదిగారు. 2022లో హెల్సింకి విశ్వవిద్యాలయం నిర్వహించిన పోటీలో రంధ్రాలున్న ప్లాస్టిక్ బిళ్ళలను 90 డిగ్రీల నుంచి 30 డిగ్రీల వరకు కుదించిన కోణాలతో పునర్నిర్మించారు. బిళ్ళ గుండ్రనిది, పదార్థం ఒకటే అన్న గట్టి ముందస్తు జ్ఞానం అక్కడ ఉంది. రోగి శరీరంలో ఉండదు. 2020లో ఆంటున్, హాన్సెన్ తదితరులు కొలతల్లో కంటికి కనబడనంత చిన్న మార్పుతో ఈ జాలాలు లేని నిర్మాణాలను పుట్టించడం, ఉన్న చిన్న గాయాలను మింగేయడం చూపారు. పాత పద్ధతి తప్పు చేస్తే చార కనిపిస్తుంది, వైద్యుడు జాగ్రత్తపడతాడు. జాలం తప్పు చేస్తే అందమైన కణజాలం కనిపిస్తుంది. ఈ రంగంలో ఇప్పుడు అన్నిటికన్నా అవసరమైన పరిశోధన చిత్రాన్ని ఇంకా అందంగా చేయడం గురించి కాదు, చిత్రంలో ఏ చోటు కొలత నుంచి వచ్చిందో, ఏ చోటు ఊహ నుంచి వచ్చిందో గుర్తుపెట్టి చూపడం గురించి.

దాటలేని హద్దు

నీడలన్నీ ఉండి మోతాదు మాత్రమే తగ్గినప్పుడు ఎదురయ్యేది రావు రెండో కానుక. 1944లో కలకత్తా తరగతిలో వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకుతూ రావు ఒక అసమానతను సాధించారు. అది 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో వచ్చింది. స్వీడన్‌లో హరాల్డ్ క్రామెర్ మరుసటి ఏడాది అదే ఫలితానికి చేరడంతో ఇద్దరి పేర్లూ కలిసి నిలిచాయి. ఒక పక్కకు ఒరగని ఏ అంచనా అయినా, ఎంత తెలివైన సూత్రంతో చేసినా, దాని చెదురుదనం ఒక హద్దు కన్నా తగ్గదు. ఆ హద్దును సమాచారమే నిర్ణయిస్తుంది.

డిటెక్టరును చేరే ఫోటాన్ల, అంటే కిరణాల కణాల, సంఖ్య దానంతటదే ఊగిసలాడుతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి చిత్రంలో రొదను సగానికి తగ్గించాలంటే ఫోటాన్లను నాలుగింతలు చేయాలి. మోతాదు తగ్గినా రొద తగ్గిందని చెప్పే పద్ధతి ఏదైనా రెండింటిలో ఒకటి చేసి ఉండాలి: అంతకుముందు యంత్రం వృథా చేసిన సమాచారాన్ని వాడుకుని ఉండాలి, లేదా చిత్రాన్ని తన నమ్మకం వైపు ఒరిగించి ఉండాలి. షెప్, వార్డీ 1982లో ఫోటాన్ల ఊగిసలాటను లెక్కలోకి తీసుకుని శరీరం లోపలి నుంచే కిరణాలు వెలువడే ఉద్గార టోమోగ్రఫీకి ఇచ్చిన గరిష్ఠ సంభావ్యత పద్ధతి మొదటి దారిలోది. 2009 ప్రాంతం నుంచి ఆసుపత్రుల్లోకి వచ్చిన, చిత్రాన్ని మళ్ళీ మళ్ళీ సరిదిద్దే పునరావృత పద్ధతుల్లో రెండు దారులూ కలిసి ఉన్నాయి.

ఒక్కో ఫోటానునూ దాని శక్తితో సహా లెక్కపెట్టే డిటెక్టర్ల రాకతో ఈ హద్దు యంత్ర నిర్మాణానికే కొలబద్ద అయింది. కాల్షియమా, అయోడినా అని పదార్థాన్ని విడదీయడంలో రొద ఎంతవరకు తగ్గగలదో రోస్ల్, హెర్మన్ 2009లో క్రామెర్-రావు హద్దుతోనే లెక్కగట్టారు. అలాంటి డిటెక్టరుతో మొదటి వైద్య సి.టి. యంత్రానికి 2021 సెప్టెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. రావు అప్పటికి బఫలోలో ఉంటున్నారు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి ఆయనకు ప్రకటించినప్పుడు ప్రస్తావించిన పనుల్లో 1945 నాటి ఆ పత్రమే ముందుంది. ఆ ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ళ వయసులో ఆయన అక్కడే కన్నుమూశారు.